ముప్ఫై ఏడో పేరు

2022 ఆగస్టు. గోదావరి తగ్గి నెల కావస్తోంది. జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు తాకింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత మళ్లీ అంత నీరు రావడం అదే. గోదావరి అలా నిండితే శబరికి దారి ఉండదు. కూనవరం దగ్గర కలవాల్సిన నీరు వెనక్కి తన్ని చింతూరు దాకా ఒడ్డున ఉన్న ఊళ్లను ముంచేస్తుంది.

నీరు తీశాక ఆ ఊళ్లకు రెండు పనులు మిగిలాయి. ఇంట్లో బురద ఎత్తిపోయడం, అర్జీ రాయించడం.

ఇక్కడ చెప్పబోయే మధ్యాహ్నం ఏ ఒక్కరిదో కాదు. వరద తర్వాత అర్జీలు కొట్టించే చోట జరిగే పనినీ, వినపడే మాటల్నీ ఒకచోట చేర్చి అల్లిన గాథ ఇది. మనుషుల పేర్లు, ఊరి పేరు కావాలనే రాయలేదు. నది, చట్టం, కంప్యూటరు చేసే పని మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

చింతూరులో జాతీయ రహదారి పక్కన ఒక జిరాక్స్ సెంటరు. అటు కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లే లారీలు, ఇటు భద్రాచలం వెళ్లే బస్సులు. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, లామినేషన్ మిషను. డిగ్రీ పూర్తి చేసి వచ్చి ఇక్కడ కూర్చున్న అమ్మాయి. ఎదురుగా స్టూలు మీద ఒక కోయ పెద్దాయన. చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు తీసి, ముడి విప్పి, పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టాడు.

"ఇందులో మా ఊరి అర్జీ ఉంది బిడ్డా. జిల్లా పేరు మార్చాలె. పోయినోళ్ల పేర్లు రెండు తీసెయ్యాలె. మూడు కాపీలు తియ్యి. ఐదింటి బస్సు అందుకోవాలె."

"ఎంతసేపు పెద్దయ్యా, పది నిమిషాల్లో ఇస్తా" అంది ఆ అమ్మాయి. ఫైలు తెరిచాక ఆ మాట మళ్లీ అనలేదు.

మొదటి పేజీలో సగం తెలుగు ఉంది. మిగతా సగం ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలగలిసిన చెత్త. ఊరి పేరు ఉండాల్సిన చోట పేజీకి అడ్డంగా నల్లటి గీత. డిలీట్ నొక్కితే పోదు, ఎంటర్ నొక్కితే కిందికి జరుగుతుంది. రెండో పేజీలో ఒక వాక్యంలో నాలుగే మాటలు. ఒక్కొక్కటి ఒక్కో మూలకు విసిరేసినట్టు దూరదూరంగా ఉన్నాయి. మూడో పేజీ నుంచి జాబితా. ఆఖర్లో తెల్ల కాగితం ఒకటి, ఎన్నిసార్లు తీసేసినా మళ్లీ వచ్చేది.

చాలా సెంటర్లలో ఇలాంటి ఫైలు చూడగానే వచ్చే మాట ఒకటే: "ఇది పనికిరాదు, మొత్తం మళ్లీ కొట్టాలి." పేజీకి ఇంత అని డబ్బు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మళ్లీ కొట్టిన ప్రతిసారీ ఏదో ఒక ఇంటి పేరు తప్పు పడుతుంది. ఆధార్‌లో ఒకలా, అర్జీలో ఒకలా ఉంటే ఆఫీసులో కాగితం పక్కన పెడతారు. ఒక అక్షరం తేడా వల్ల పరిహారం కోసం మళ్లీ మళ్లీ తిరిగేది కొట్టినవాళ్లు కాదు, బురదలోంచి లేచి వచ్చినవాళ్లు. అందుకే ఈ చిన్న పని గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఆ అమ్మాయి మళ్లీ కొట్టలేదు. మొదట పైన హోమ్ వరసలో తిరగేసిన పి అక్షరంలా ఉండే బొమ్మ నొక్కింది. కంట్రోల్, షిఫ్ట్, ఎనిమిది కలిపి నొక్కినా అదే పని జరుగుతుంది. ఒక్కసారిగా పేజీ అంతా చుక్కలు, బాణాలు, పేరా గుర్తులు. స్పేస్ కొట్టిన ప్రతిచోటా చుక్క. ట్యాబ్ కొట్టినచోట బాణం. ఎంటర్ కొట్టినచోట తిరగేసిన పి.

"ఏందమ్మా ఇదంతా? పురుగు పట్టిందా?"

"లేదు పెద్దయ్యా. ఇన్నాళ్లూ దాక్కున్నవే ఇవి. ఇప్పుడు బయటపడ్డాయి. కాగితం మీద రావులెండి."

వర్డ్ వాడేవాళ్లలో చాలామంది ఆ బొమ్మ జోలికి పోరు. పొరపాటున నొక్కితే కంగారుపడి మూసేస్తారు. కానీ వర్డ్ గుట్టంతా అక్కడే ఉంది. ఒక పేరా మధ్యలో ఉండాలా ఎడమకు ఉండాలా, కింద ఎంత ఖాళీ వదలాలి, గీత ఉందా, అంకె వేయాలా అనే సమాచారం అక్షరాల్లో ఉండదు. పేరా చివర ఉన్న ఆ గుర్తులో ఉంటుంది. ఆ గుర్తును చెరిపేస్తే రెండు పేరాలు కలిసిపోయి, ఏదో ఒక పేరా అమరికే రెండింటికీ వస్తుంది. "నేను శీర్షికను ముట్టుకోలేదు, అదే చెదిరిపోయింది" అని చాలామంది అనేది అందుకే. వాళ్లు శీర్షికను ముట్టుకోని మాట నిజం. దాని చివరి గుర్తును చెరిపారు.

ఈ పద్ధతికి చాలా వయసుంది. 1974లో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో బట్లర్ ల్యాంప్సన్, చార్లెస్ సిమొనీ కలిసి బ్రావో అనే ప్రోగ్రాము తయారుచేశారు. తెర మీద కనపడినట్టే కాగితం మీద రావాలన్నది వాళ్ల ఆశ. సిమొనీ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 1983లో వర్డ్ వచ్చింది. కనపడేదే కాగితం మీదికి రావడం గొప్ప సదుపాయమే. కాకపోతే అలా ఎందుకు కనపడుతోందో చెప్పే గుర్తులన్నీ తెర వెనక్కి పోయాయి.

ఆ అమ్మాయి మొదట పట్టుకున్నది చెత్తలా ఉన్న భాగాన్ని. అది చెత్త కాదు, అను ఫాంటులో కొట్టిన తెలుగు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. అయినా మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అనులోనే కొట్టాయి. అనులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెడతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో బొమ్మలు పోయి కింద ఉన్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఫైలు చెదిరింది కదా అని మొత్తం సెలెక్ట్ చేసి, కంట్రోల్ స్పేస్ నొక్కి ఫార్మాటింగ్ తుడిచేస్తారు. మామూలు ఫైలుకు అది మంచి మందే. అను కలిసిన ఫైలుకు మాత్రం చేటు. ఏ ముక్క అనులో ఉందో చెప్పే ఆనవాలు ఫాంటు పేరొక్కటే. దాన్ని తుడిచేస్తే ఏది తెలుగో, ఏది నిజంగా ఇంగ్లీషులో ఉన్న ఆధార్, సర్వే వివరమో తేల్చడం కష్టం. ముందు అను ముక్కల్ని యూనికోడ్‌కు మార్చుకోవాలి. తుడవడం ఆ తర్వాతే. ఆమె అలాగే చేసింది. అను ముక్కలొక్కటే కన్వర్టరులో వేసి మార్చి, వత్తులు సరిగా పడ్డాయో లేదో చూస్తూ పైకి చదివింది.

"...ఖమ్మం జిల్లా, చింతూరు మండలం..."

"ఆ, అదే. ఇప్పుడు మన జిల్లా అల్లూరి సీతారామరాజు కదా" అన్నాడు పెద్దాయన.

ఈ ఊళ్లకు జిల్లా పేరు మార్చుకోవడం అలవాటైపోయింది. 2014 దాకా ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు చింతూరు తూర్పు గోదావరిలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి జిల్లా అయింది. మనుషులు కదల్లేదు, ఊరు కదల్లేదు. అర్జీ పైన పేరు మాత్రం మారుతూ వచ్చింది.

ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి ఖమ్మం బదులు అల్లూరి అని పెట్టి అన్నీ ఒకేసారి మార్చేయడం క్షణం పని. ఆమె చెయ్యి ఆ బటన్ మీదికి వెళ్లి ఆగింది. అర్జీలో రెండో పేరాలో పాత సర్వే ప్రస్తావన ఉంది. ఖమ్మం జిల్లాగా ఉన్న రోజుల్లో జరిగిన సర్వే అది. దాన్ని అల్లూరి జిల్లా సర్వే అని మారిస్తే, ఆ రోజుల్లో లేని జిల్లా చేసిన సర్వే అవుతుంది. కాగితం చదివే అధికారి మొత్తం అర్జీనే అనుమానిస్తాడు. ఆమె ఒక్కొక్కటి చూసుకుంటూ మార్చింది. పైన చిరునామాలో మార్చింది. పాత సర్వే దగ్గర వదిలేసింది.

ఆ జాగ్రత్త తర్వాత ఇంకోచోట పనికొచ్చింది. జాబితాలో కారం ఇంటి పేరువాళ్లు చాలామంది. ఆధార్‌లో ఆ పేరు 'కారమ్' అని పడిందట, అలాగే మార్చమన్నాడు పెద్దాయన. అన్నీ ఒకేసారి మార్చి ఉంటే అర్జీలో 'చట్టం ప్రకారం' అన్నచోటల్లా 'చట్టం ప్రకారమ్' అయ్యేది. 'అధికారం', 'సహకారం' కూడా అదే దారి పట్టేవి. ఇక సోడె, మడకం, కుంజా అనే పేర్ల కింద వర్డ్ ఎర్ర గీతలు గీస్తూనే ఉంది. దాని నిఘంటువులో కోయ ఇంటి పేర్లు లేవు. కుడి క్లిక్ చేస్తే వేరే మాటలు సూచిస్తుంది. ఆ సూచన వింటే ఒక కుటుంబం జాబితాలోంచి మాయమైనట్టే. ఆమె ఆ పేర్లను నిఘంటువులో చేర్చింది. ఆ యంత్రం మీద ఇక ఆ పేర్లు తప్పు కావు.

నల్ల గీత సంగతికొద్దాం. ఎవరో ఊరి పేరు రాసుకోవడానికి ఖాళీ వదలాలని మూడో నాలుగో అడ్డగీతలు కొట్టి ఎంటర్ నొక్కారు. వరసగా మూడు గీతలు కొట్టి ఎంటర్ నొక్కితే, అడ్డంగా పెద్ద గీత కావాలేమో అని వర్డ్ తనకు తానే అనుకుని పేరాకు కింది అంచు గీసేస్తుంది. అది అక్షరం కాదు కాబట్టి డిలీట్‌కు లొంగదు. దాని పైన ఉన్న పేరాలో కర్సర్ పెట్టి, బోర్డర్స్ దగ్గర నో బోర్డర్ అంటే పోతుంది. అసలు గీత పడ్డ క్షణంలోనే కంట్రోల్ జెడ్ నొక్కితే, మనం కొట్టిన గీతలు అలాగే ఉండి, వర్డ్ సొంతంగా చేసింది మాత్రం వెనక్కి పోతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తలనొప్పులు పుట్టవు.

చెదిరిన నాలుగు మాటలకు కారణం, ఆ వరస చివర ఎంటర్ బదులు షిఫ్ట్‌తో కలిపి ఎంటర్ కొట్టడం. రెండు అంచులూ సమంగా ఉండేలా పేరాను సర్దినప్పుడు అలాంటి వరసను వర్డ్ బలవంతంగా కుడి అంచుదాకా సాగదీస్తుంది. అక్కడ కనపడే వంపు బాణం గుర్తును తీసి మామూలు ఎంటర్ కొట్టగానే మాటలు దగ్గరికొచ్చాయి. చివరి తెల్ల కాగితానికి కారణం పట్టిక. పట్టిక తర్వాత ఒక ఖాళీ పేరా ఉండి తీరాలంటుంది వర్డ్. పట్టిక పేజీ అడుగుదాకా వస్తే ఆ ఖాళీ పేరా కొత్త పేజీకి పోతుంది. దాని అక్షరం సైజు ఒకటికి తగ్గించగానే తెల్ల కాగితం పోయింది. తెలుగు అక్షరాల సైజు కొన్నిచోట్ల మార్చినా మారలేదు. ఫాంట్ పెట్టెలో ఇంగ్లీషుకు ఒక అర, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని ఇంకో అర ఉంటాయి. తెలుగు వినేది రెండో దాని మాట. అక్కడ మార్చింది.

నాలుగు కావస్తోంది. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. ప్రతి రెండు నిమిషాలకూ సేవ్ చేస్తోంది కాబట్టి ఏమీ పోలేదు.

ఇక జాబితా. పెద్దాయన చెప్పిన రెండు పేర్లు, పన్నెండోదీ ఇరవయ్యోదీ, ఆమె తీసేసింది. ఒక కాపీ తీసి చేతికిచ్చింది. ఆయనకు చదువు అంతగా రాదు. అంకెలు వచ్చు. వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చి ఒకచోట ఆగాడు.

"ముప్ఫై ఏడు మా చెల్లెలిది. ఇక్కడ వేరే పేరుందే?"

"ముప్ఫై అయిదులో ఉంది చూడండి పెద్దయ్యా."

"ముప్ఫై అయిదు కాదమ్మా, ముప్ఫై ఏడు. పైన రాయించాం గదా."

ఆమె మొదటి పేజీకి వెళ్లింది. నిజమే. అర్జీలో స్పష్టంగా ఉంది, జాబితాలో 37వ వరసలోని ఒంటరి మహిళ ఇల్లు పూర్తిగా కూలిపోయిందని, ముందుగా ఆమెను ఆదుకోవాలని. ఇప్పుడు 37లో ఉన్నది ఇల్లు కూలని ఇంకొకరు. ఈ కాగితం ఇలాగే వెళ్తే, అధికారి ఊరికి వచ్చి 37వ పేరు అడిగితే, గోడలు నిలబడ్డ ఇల్లు చూపిస్తారు. ఊరంతా అబద్ధం చెప్పినట్టవుతుంది.

తప్పు ఎక్కడుందంటే ఆ అంకెల్లో. చూడ్డానికి కొట్టిన అంకెల్లా ఉన్నాయి గానీ అవి ఎవరూ కొట్టినవి కావు. ఒకటి, చుక్క, స్పేస్ కొట్టగానే వర్డ్ దాన్ని జాబితా అనుకుని తానే అంకెలు వేయడం మొదలుపెడుతుంది. కర్సర్‌తో ఆ అంకెను పట్టుకోవాలన్నా దొరకదు. అది పేరా గుర్తులో దాగి ఉంటుంది. మధ్యలో ఒక పేరు తీసేస్తే కిందివన్నీ చప్పుడు లేకుండా పైకి జరుగుతాయి. వంటల జాబితాకు అది వరం. మనుషుల జాబితాకు, అందులోనూ ఇంకో కాగితంలో ఆ అంకె రాసి ఉన్నప్పుడు, ప్రమాదం.

ఆమె వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కుతూ రెండు పేర్లనూ వెనక్కి తెచ్చింది. "పెద్దయ్యా, పోయినోళ్లకు పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఉన్నారు. ఒకాయనకు కొడుకు, ఇంకొకామెకు ఇద్దరు కూతుళ్లు."

"మరి పేర్లు తీసేస్తే వాళ్లెక్కడ పడతారు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. జాబితా వైపు చూశాడు. "ఎవరు చెప్పారో గానీ, చనిపోయినోళ్ల పేర్లుంటే అర్జీ చెల్లదన్నారు" అన్నాడు.

చివరికి పేర్లు ఉంచారు. పక్కన 'మరణించారు' అని రాసి, దాని పక్కన వారసుల పేర్లు చేర్చారు. అంకెలు ఇక ఎప్పటికీ జరగకుండా, జాబితా మొత్తం కాపీ చేసి, పేస్ట్ చేసేటప్పుడు కీప్ టెక్స్ట్ ఓన్లీ ఎంచుకుంది. దాంతో వర్డ్ వేసిన అంకెలన్నీ కొట్టిన అంకెలుగా మారిపోయాయి. చెల్లెలి పేరు ముప్ఫై ఏడులోనే నిలిచింది. తర్వాత ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ దాకా వెళ్లి, ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్ అనే చోట ఆటోమేటిక్ నంబర్లకూ గీతలకూ ఉన్న టిక్కులు తీసేసింది. ఆ టిక్కులు తీయడం అర్జీలు కొట్టే ప్రతి యంత్రం మీదా మొదటి రోజే జరగాల్సిన పని. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి, డిజిటల్ అసిస్టెంట్లు వచ్చారు. వాళ్లకిచ్చే శిక్షణలో ఈ అరగంట పాఠం చేర్చాలని గట్టిగా అడుగుతున్నాను. ఖర్చు లేని పని ఇది.

అర్జీ అసలు కోరిక ఆఖరి పేరాలో ఉంది. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. పునరావాసం మొదటి దశను 41.15 మీటర్ల కాంటూరు దాకా అని గీశారు. ఆ గీతకు పైనున్నాయని పక్కన పెట్టిన ఊళ్లలోకి జులైలో నీళ్లొచ్చాయి. మమ్మల్నీ మొదటి దశలో చేర్చండి అన్నది ఈ ఊరి మాట. ఆ రెండు దశాంశాల అంకెలు ఫాంటు మార్పుల్లో చెదరలేదని ఆమె రెండుసార్లు చూసుకుంది.

ఒక్క పట్టిక మాత్రం బాగుపడలేదు. భూముల వివరం ఎవరో ఎక్సెల్‌లో కొట్టి తెచ్చి అర్జీలో అతికించారు. సర్వే నంబరు గడిలో కొన్నిచోట్ల తేదీలున్నాయి. 7/2 అని కొడితే ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి 7 అనుకుని '07-ఫిబ్' అని చూపించింది. అసలు ఎక్సెల్ ఫైలూ పెన్‌డ్రైవులోనే ఉంది. తెరిచి ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 44599 అనే అంకె వచ్చింది. 2022 ఫిబ్రవరి 7కు ఎక్సెల్ లోపల పెట్టుకున్న లెక్క అది. కొట్టినవాళ్ల 7/2 ఆ ఫైలులో ఎక్కడా లేదు. ముందే గడిని టెక్స్ట్ అని పెట్టి ఉంటే సరిపోయేది.

ఈ జబ్బు చింతూరుదే కాదు. సెప్ట్1, మార్చ్1 అనే పేర్లున్న జన్యువులను ఎక్సెల్ సెప్టెంబరు 1, మార్చి 1గా మార్చేస్తోందని విసిగిపోయి, జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చింది. ఇలా మారకుండా ఆపుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2023లో. శాస్త్రవేత్తలు పేరు మార్చుకోగలిగారు. రైతు సర్వే నంబరు మార్చుకోలేడు.

"ఈ తేదీలున్నవి ఊహించి రాయొచ్చు" అంది ఆమె, "07-ఫిబ్ అంటే 7/2 అయి ఉండాలి. కానీ 07/2 అని కొట్టినా, 7-2 అని కొట్టినా ఇలాగే వస్తది. భూమి సంగతి పెద్దయ్యా, ఊహించి రాయను. పాస్‌బుక్కులున్నాయా?"

"ముగ్గురివి ఉన్నాయి. ఇద్దరివి బురదలో పోయినాయి."

ముగ్గురి నంబర్లు ఫోన్లో కనుక్కుని సరిచేశారు. ఆ ఇద్దరి గడులు ఖాళీగా వదిలింది. మీభూమి వెబ్‌సైటులో అడంగల్ తీద్దామంటే నెట్ ఆడటం లేదు. మూడు కాపీలు తీసి, పీడీఎఫ్ ఒకటి, వర్డ్ ఫైలు ఒకటి పెన్‌డ్రైవులో వేసింది.

"రేపు పొద్దున నెట్ వస్తే ఆ రెండు నంబర్లూ తీసి ఫోన్‌లో చెప్తా. మీరు పెన్నుతో రాసి, పక్కన వాళ్ల సంతకమో వేలిముద్రో పెట్టించండి. మళ్లీ ఎవరైనా మార్చాలంటే పీడీఎఫ్ ఇవ్వకండి, ఇంకో దగ్గర కొట్టించకండి. ఈ వర్డ్ ఫైలే ఇవ్వండి" అంది.

"అంకెలు మళ్లీ జరగవు గదా?"

"జరగవు. కావాలంటే ఒకటి తీసి చూడండి" అని ఆమె మధ్యలో ఒక పేరు తీసేసి చూపించింది. కిందివన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కంట్రోల్ జెడ్ నొక్కి ఆ పేరు వెనక్కి తెచ్చి, పెన్‌డ్రైవు తీసి చేతికిచ్చింది.